కాశీరత్నం పక్కన నేను

నాకు పుట్టినరోజు లేదు. నేను గింజ నుంచి మొలిచినదాన్ని కాను. ఏటా తొలకరికి పాత తీగ కొస కోసి కొత్త బోదెలో గుచ్చుతారు, అదే నేను. సముద్రం ఒడ్డునున్న ఈ భావనపాడు పెరట్లో నా వయసెంతంటే ఈ ఇంటి ముసలమ్మ కాపురం వయసంత. కన్నవారింటి నుంచి ఆమె తడిగుడ్డలో చుట్టి తెచ్చుకున్న నాలుగు ముక్కల్లో ఒకదాన్ని. చిలగడదుంప తీగని.

నాకు రెండు మూరల దూరంలో వెదురు కంచె ఉంది. దాని నిండా కాశీరత్నం. దువ్వెన పళ్ళలా సన్నగా చీలిన ఆకులు, వాటి మధ్య బొటనవేలి గోరంత ఎర్రటి చుక్కలు. ఒక్కో పువ్వుకి అయిదు కోణాలు. పొద్దున్నే తేనెపిట్ట వచ్చి ఆ సన్నని గొట్టాల్లో ముక్కు పెడుతుంది. వీధిన పోయేవాళ్ళు కంచె దగ్గర ఆగుతారు. నా దగ్గర ఎవరూ ఆగరు. నేలమీద పాకే ఆకుల గుంపులో చూడ్డానికి ఏముంటుంది?

ఒకనాడు కోడలు అడిగింది. "అత్తా, ఈ దుంపతీగ పీకీమంటావేటి? ఆ జాగాలో ఇంకొన్ని పూలమొక్కలు ఏసుకుందుం. దుంపలు కావాలంటే సంతలో దొరకవేటి?"

ముసలమ్మ చేట పక్కన పెట్టింది. "పీకకే అమ్మా. నువ్వు దాన్ని మొన్న చూసినావు. నాను వొచ్చిన కాడ్నుంచి చూస్తన్నాను."

ఆ మాటతో నేను బతికాను. కానీ కోడలి ప్రశ్న తప్పు కాదు. రెండు సెంట్ల పెరడు ఉన్నవాళ్ళు ఎవరైనా అడగాల్సిందే. కూడు పెట్టే మొక్కా, కంటికి ఇంపైన మొక్కా? నా బతుకంతా ఆ ప్రశ్న పక్కనే గడిచింది.

మేమిద్దరం పరాయివాళ్ళం కాము. 1753లో లిన్నేయస్ మొక్కలకు పేర్లు పెడుతూ కాశీరత్నాన్ని ఐపోమియా అన్నాడు, నన్ను మాత్రం కాన్వాల్వులస్ అనే వేరే ప్రజాతి కింద రాశాడు. 1793లో లామార్క్ నన్నూ ఐపోమియాలో చేర్చాడు. ఒక్క ఇంటివాళ్ళం కావడానికి నలభై ఏళ్ళు పట్టింది. ఇద్దరి సొంతగడ్డా ఉష్ణమండల అమెరికాయే. నన్ను పోర్చుగీసు ఓడలు ఈ దేశానికి చేర్చాయి. ఇక్కడికొచ్చాక కాశీరత్నానికి కాశీ పేరు దక్కింది. నాకేమో ఊరికో పేరు. తెలంగాణలో కందగడ్డ, మోరంగడ్డ. రాయలసీమలో గెనుసుగడ్డ.

మా ఇంటివాళ్ళు ఇంకొకరు సముద్రం ఒడ్డునే ఉన్నారు. పడవలు లాగి ఉంచేచోటు దాటి నాలుగడుగులు వేస్తే ఇసుక మీద బారలకొద్దీ పాకే బాలబందితీగ. మేక గిట్టలా రెండుగా చీలిన ఆకు, ఊదారంగు పువ్వు. ఉప్పుగాలికి జంకదు, ఇసుకని కదలనివ్వదు. ఆ పువ్వునీ నా పువ్వునీ పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్ళని ఎవరైనా చెబుతారు.

అవును, నేనూ పూస్తాను. పొద్దు కురచబడే నెలల్లో, కోయకుండా వదిలేసిన కొసల్లో, లేత ఊదారంగు గరాటా పువ్వు. లోపల గొంతు దగ్గర రంగు చిక్కబడుతుంది. తెల్లవారి విచ్చుకుని ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. అది ఆకుల కింద ఉంటుంది కాబట్టి వంగి చూసినవాళ్ళకే కనబడుతుంది.

మట్టి పైన ఇద్దరం ఇంత దగ్గరవాళ్ళమైనా మట్టి కింద సంగతి వేరు. కాశీరత్నం మొక్కని లాగితే గుప్పెడు దారాల్లాంటి వేళ్ళు వస్తాయి, అంతే. తన బలమంతా పువ్వుకీ, ఆపైన నల్లని గింజకీ పెట్టేస్తుంది. నేను ఎండలో వండుకున్నదంతా వేరులో దాస్తాను. మూడు నెలలు దాటాక బోదె నెర్రెలిస్తుంది. ముసలమ్మ ఆ నెర్రె చూసి గునపం పక్కన పెట్టి బొరిగెతో మట్టి వదులు చేస్తుంది, ఆపైన వేళ్ళతోనే తవ్వుతుంది. తొలి దుంపని విరిచి చూస్తుంది. తెల్లటి పాలు కారతాయి. ఆ విరుపు ఆరాక తెల్లగానే ఉంటే ఊరినట్టు, నల్లబడితే ఇంకా లేతదని లెక్క. ఆ పాల జిగురు ఆమె వేళ్ళ సందుల్లో నల్లగా రెండు రోజులు ఉంటుంది.

ఒక ఏడు మనవడు ప్రేమకొద్దీ యూరియా చల్లాడు. మోకాలెత్తున ఆకులు వేశాను. పెరడు పచ్చగా నిండిపోయింది. తవ్వితే చూపుడువేలంత ఊడలు. నత్రజని ఎక్కువైతే నేను ఆకుల మీదే పడతాను. ఆ మరుసటేడు నుంచి ముసలమ్మ నా మొదట్లో పొయ్యిబూడిద తప్ప ఇంకోటి వేయనివ్వలేదు.

2018 అక్టోబరు 11. తెల్లవారకముందే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానం ప్రాంతంలో తరాల కొబ్బరిచెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. మా పెరట్లో కంచె లేచిపోయింది, దానితో కాశీరత్నమూ పోయింది. నా ఆకులు చీలికలైపోయాయి. తెల్లారాక చూస్తే పైన ఏమీ మిగల్లేదు. కరెంటు లేదు, పడవలు కదల్లేదు, సంతకి దారి లేదు.

నన్ను నాటి అప్పటికి నాలుగు నెలలు. ఇసుకనేల కాబట్టి నీళ్ళు నిలవలేదు, దుంపలు కుళ్ళలేదు. ముసలమ్మ బురదలో కూర్చుని తవ్వింది. గంపెడు దుంపలు. మూడు రాళ్ళు పెట్టి, విరిగిన కొబ్బరిమట్టలు ఎగేసి ఉడకబెట్టింది. ఇంటివాళ్ళు తిన్నారు, పక్కింటి పిల్లలు తిన్నారు. ఉప్పు కూడా లేకుండా తిన్నారు. కోడలు తొక్క ఒలుస్తూ నావైపు చూసింది. ఏమీ అనలేదు.

దుంపలు తవ్వినచోటే, వాన తగ్గిన కొద్దిరోజులకి, రాలిన గింజల నుంచి కాశీరత్నం మొలిచింది. డిసెంబరు నాటికి విరిగిన వెదురుకర్ర ఒకదాన్ని చుట్టుకుని ఎక్కి ఒక్క ఎర్రచుక్క విప్పింది. తుఫాను నాటి నుంచి పెదవి విప్పని ముసలమ్మ ఆ పువ్వు దగ్గర చాలాసేపు నిలబడింది. ఆమెను అలా నిలబెట్టడం నావల్ల కాలేదు. నేను కడుపు నింపాను, అంతవరకే.

పక్కనే మూలపేటలో 2023 ఏప్రిల్ 19న పోర్టుకి శంకుస్థాపన జరిగింది. ఆ పోర్టు వల్ల ఇల్లు మారాల్సివచ్చిన బంధువు ఒకామె మా ఇంటికొచ్చింది. కొత్త ఇంట పెరడు చిన్నది, ఏదో ఒక్కటి వేసుకుంటానంది. ముసలమ్మ కాశీరత్నం గింజలు చిటికెడు కాగితంలో పొట్లం కట్టింది. నా తీగ కొసలు నాలుగు కోసి తడిగుడ్డలో చుట్టింది. రెండూ చేతిలో పెట్టింది. ఆ బంధువు నన్ను నేలలో నాటి, నా పైన కర్ర పాతి దాని మీదికి కాశీరత్నాన్ని పాకించిందట. అది పైకి పోతుంది, నేను కిందికి పోతాను. మాకు తగువేముంది?

అయినా ఒక్కదానికే చోటుంటే నన్నే నాటండి. నా ఆకూ వండుకోవచ్చు, దుంప శివరాత్రి ఉపవాసానికీ ముక్కల పులుసుకీ పనికొస్తుంది, వంగి చూస్తే పువ్వూ ఉంది. నారింజరంగు కండ ఉన్న రకాలైతే పిల్లల కళ్ళకి కావాల్సిన విటమిన్ ఏ ఇస్తాయి. ఆ రకాలను ఆఫ్రికా పల్లెలకి చేర్చినందుకే 2016లో ముగ్గురు శాస్త్రవేత్తలకు ప్రపంచ ఆహార బహుమతిలో భాగం దక్కింది.

ఏటా జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. పడవలు కడలిలోకి దిగిన ఆ వారంలోనే మా పెరట్లో బోదెలు వేస్తారు. అప్పుడు రండి. జానెడు మించిన తీగ కొస, మూడు నాలుగు కణుపులు ఉంటే చాలు. ముసలమ్మ ఎవరడిగినా కోసిస్తుంది.