చురక: భుజాన బుజ్జిగాడు, చెవిలో బాస్

పోస్టర్ మీద ‘ఫ్యామిలీ ఫ్రెండ్లీ’ అని వేస్తే చాలు, మన నాన్నలు బుజ్జిగాణ్ని భుజానికెత్తుకుని మ్యూజిక్ ఫెస్టివల్‌కి బయల్దేరుతున్నారు. తీరా వెళ్తే ఫ్యామిలీ అంటే గేటు పక్కన గాలి కొట్టిన జారుడుబల్ల, ఫ్రెండ్లీ అంటే పిల్లాడికీ టికెట్టు!

2024 నవంబరులో హైదరాబాద్‌లో దిల్జిత్ దోసాంజ్ కచేరీకి ముందు రంగారెడ్డి జిల్లా అధికారులు నోటీసిచ్చారు. మందు పాటలు పాడొద్దు, పిల్లల్ని వేదిక ఎక్కించొద్దు, శబ్దం పెద్దలకైతే 140, పిల్లలకైతే 120 డెసిబెల్స్ దాటితే చేటు అని. గాయకుడు బుద్ధిగా పాటలో మందు పారబోసి కోక్ పోశారు. సాహిత్యం శుద్ధి అయిందని సంబరపడ్డాం సరే, నాలుగేళ్ల చెవికి మందైతేనేం, కోకైతేనేం? బాస్ కొడితే అదిరేది గుండెకాయే.

వినోద వేదికల్లో పావుగంట సగటు 100 డెసిబెల్స్ మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనే చెప్పింది. ఆ మీటరెక్కడ బాబూ అని అడిగి చూడండి, వలంటీరు సెల్ఫీ పాయింటు చూపిస్తాడు. (పిల్లాడి చెవులకు మఫ్స్ కొనమంటే ‘అంత రేటా’ అనే నాన్న, లోపల పాప్‌కార్న్ దగ్గర మాత్రం నోరెత్తడు.)

పుష్య బహుళ పంచమినాడు త్యాగరాజ ఆరాధనకు తిరువయ్యారు తీసుకెళ్లొచ్చుగా? కావేరి ఒడ్డు, పొద్దుటి పూట పంచరత్నాలు, నిద్రొస్తే అమ్మ ఒడి. ‘అబ్బే, పిల్లలకు బోరండీ’ అంటాడు, పిల్లాణ్ని ఒక్కమాటైనా అడగకుండా. లేజర్ లైట్లు లేకపోతే రీల్ ఎవరు చూస్తారు పాపం!