ద్రీకు

మా సీమకు స్కాట్లండు కొత్త దేశమేం కాదు. 1800లో దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురంలో మకాం పెట్టి, ఏడేళ్ళపాటు ఊరూరూ తిరిగి పొలాలు కొలిపించి శిస్తు నిర్ణయించిన థామస్ మన్రోది గ్లాస్గోనే. ఆయన మీది అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న ఇళ్ళున్నాయి. అందుకే కొడుక్కి గ్లాస్గోలో ఉద్యోగం వచ్చినప్పుడు మా పెద్దనాయన ఏం దిగులుపడలేదు. "మన్రోలయ్య ఊరే కదప్పా" అని అందరితో చెప్పుకున్నాడు.

పోయిన కొన్నాళ్ళకే కొడుకు వీడియో కాల్‌లో మొహం వేలాడేసుకుని కనబడ్డాడు. ఏమైందిరా అంటే, "డ్రీఖ్, నాయనా" అన్నాడు.

స్కాట్స్ మాట అది. మోడం పట్టి పొద్దు కనబడదు, సన్నగా తుంపర, ఒంట్లోకి దిగే తడిచలి, ఎప్పటికి తెరిపిస్తుందో తెలియదు. మన ముసురుకు చుట్టమే గానీ, ముసురులో లేని ఈసడింపు ఒకటి దాన్లో ఉంటుంది. ఇద్దరు ఎదురుపడితే "ఈరోజు డ్రీఖ్‌గా ఉంది" అన్నదే పలకరింపు. తిట్టుకుంటూనే ఆ మాటను ముద్దు చేసుకుంటారు కూడా. 2019లో స్కాటిష్ బుక్ ట్రస్ట్ జనాన్ని అడిగితే, తమ భాషకు గుర్తుగా నిలిచే మాట ఇదేనని ఓటేశారు.

పెద్దనాయన అంతా విన్నాడు. "అంటే, వాన పడతాంటే ఏడుస్తారా ఆడ?" అన్నాడు.

గ్లాస్గోలో ఏడాదికి 1100 మిల్లీమీటర్ల పైన పడుతుందనీ, మనకు రాసిపెట్టింది 550కి అటూ ఇటూ అనీ కొడుకు లెక్క చెప్పబోయాడు. పెద్దనాయనకు లెక్క అక్కర్లేదు. నైరుతి మోడాలు పడమటి కనుమల అవతలే బరువు దించుకుని, మా నెత్తిమీదికి వట్టి నీడగా వచ్చిపోవడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాడు. "వాళ్ళకొద్దంటే ఆ ద్రీకేదో ఇటు పంపమను. అది పడలేకనే మన్రోలయ్య ఈ ఎండల్లోకి పారొచ్చినాడేమో."

మాట ఊళ్ళో పడింది. చివరి అక్షరం ఎవరికీ నోరు తిరగక ద్రీకు అయింది, అర్థం కూడా తలకిందులైంది. టీ అంగడి ముందు ఎవరో ఒకరు ఆకాశంలో నల్లటి తునక చూసి "ద్రీకు దిగేటట్టుందే" అంటే పక్కవాడు చేతులు జోడించేవాడు. స్కాట్లండులో తిట్టు, మా ఊళ్ళో మొక్కు.

ఆ ఏడు జూలైలో దొరికిన పదునుకు, పెద్దనాయన బ్యాంకులో పంట అప్పు తెచ్చి చెనక్కాయ వేశాడు. చెనక్కాయ వింత పంట. పూత పైన పూస్తుంది, కాయ మట్టిలో కాస్తుంది. పూత రాలాక ఊడ దిగాలంటే నేల మెత్తగా ఉండాలి. సరిగ్గా ఆ వేళకు వాన మొహం చాటేసింది. ఎర్రనేల పెచ్చుకట్టి, గుచ్చుకునే చోటు లేక ఊడలు గాలిలోనే ఎండిపోయాయి. ఆగస్టంతా పెద్దనాయన ఫోన్లో అడిగే మొదటి మాట కొడుకు బాగోగులు కాదు. "ఆడ ద్రీకు ఉందా?" ఉందనేవాడు కొడుకు, తప్పు చేసినట్టు.

నవంబరులో వచ్చింది. దిగినకాడికి దిగిన కాయలతో చెట్టు పీకి, చేలో ఆరబెట్టుకున్నాక వచ్చింది. పొద్దు కనబడలేదు, తుంపర తెరిపియ్యలేదు, అచ్చం చిన్నోడు చెప్పినట్టే. మేం వేసే గుత్తి రకాల గింజకు నిద్రావస్థ ఉండదు, తడి తగిలితే మొలకే. పీకిన చెట్టుకున్న కాయలకు చేలోనే మొలకలొచ్చాయి. కట్టె నల్లబడింది, ఎద్దులు మూతి పెట్టలేదు. ఆ వానంతా కలిపితే ఏడాది మొత్తం మామూలుకు సరిపోయింది కాబట్టి మా మండలం కరువు జాబితాకెక్కలేదు. ఎంత పడిందో అంకె చెబుతుంది, ఎప్పుడు పడిందో చెప్పదు.

"మీ ద్రీకు మా ఊరొచ్చిందిరా" అన్నాడు పెద్దనాయన. కొడుక్కి ఏం చెప్పాలో తోచలేదు. నాలుగు రోజులాగి, తండ్రిని నవ్విద్దామని నిఘంటువు తిరగేసి మళ్ళీ ఫోన్ చేశాడు.

"నాయనా, ఆ మాటకు వాన అర్థం వెనకాల వచ్చిందంట. ముందు ఎంత నడిచినా తెగని దారిని అనేవాళ్ళంట. చర్చిలో ఎంతకీ ముగియని ప్రసంగాన్ని అనేవాళ్ళంట."

పెద్దనాయన చాన్నాళ్ళకు నవ్వాడు. "మన హరికథ మాదిరా?"

"అవును. మనుషుల్ని కూడా అంటారంట. అప్పు తొందరగా తీర్చనోన్ని డ్రీఖ్ అంటారంట."

పెద్దనాయన లేచిపోయాడు. పొద్దున పోస్టులో వచ్చిన బ్యాంకు నోటీసు తెచ్చి ఫోను ముందు పట్టుకున్నాడు.

"అంతా ఇంగ్లీషులో ఉండాది. ఆ మాట యాడుందో చూసి చెప్పురా."