చీకటికి కాపలా

మా జంషెడ్‌పూర్‌లో చీకటి దొరకడం కష్టం. ఉక్కు కార్ఖానా స్లాగ్ పారబోసినప్పుడల్లా ఆకాశం ఎర్రబడుతుంటే చూస్తూ పెరిగినవాళ్లం. శ్రీకాకుళం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన మా తాతకు ఆ వెలుగు అన్నం పెట్టింది. టెలిస్కోప్ కొనుక్కున్న నాకు శత్రువైంది. అయినా సోనారీలో మా మేడ మీద రేకుల గది కట్టించి, పట్టాల మీద జరిగే కప్పు వేయించి, అబ్జర్వేటరీ అని పేరు పెట్టాను. మా ఆవిడ కోళ్లగూడు అంటుంది.

ఇప్పుడా గూట్లోకి సీసీ కెమెరా కావాలి. కంప్యూటర్ చెప్పినట్టు టెలిస్కోప్ తెల్లవార్లూ ఫొటోలు తీసుకుంటుంది. కింద రజాయిలో ఉన్న నాకు తెలియాల్సిందల్లా కప్పు తెరిచుందా మూసుందా, గొట్టం ఎటు తిరిగుంది అనే. నిక్కి నిలబడ్డ గొట్టం మీదికి కప్పు జరిగితే ఏది వంగుతుందో ఉక్కు ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో కాలబైశాఖి గాలివాన వచ్చిందంటే మూసుకోవడానికి వ్యవధి కూడా ఇవ్వదు.

“మెట్లెక్కి చూసి రాలేరేటండీ?” అంది మా ఆవిడ. ఖగోళశాస్త్రంలో ఇలాంటి ప్రశ్నలు అడగకూడదు.

సాక్చీ బజారులో దుకాణదారు పరామర్శగా అడిగాడు: “దొంగతనం ఎప్పుడు జరిగింది?”

“జరగలేదు.”

“మరి దేన్ని చూస్తారు?”

“కప్పుని.”

కాసేపు నన్నే చూశాడు. తర్వాత ఒక కెమెరా తీసి, రాత్రిని పట్టపగలు చేసేస్తుందన్నాడు. నా భయమూ అదే. చీకట్లో చూసే ఈ కెమెరాలు చాలావరకు తమ దీపాలు తామే తెచ్చుకుంటాయి. 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ దీపాలైతే ఎర్రచుక్కల్లా మన కంటికీ మసగ్గా ఆనుతాయి. 940 రకం మనకు కనిపించదు గానీ, టెలిస్కోప్ వెనకున్న సెన్సర్‌కు కనిపిస్తుంది. ఆండ్రోమెడా వెలుగు 25 లక్షల ఏళ్లు నడిచి మా గుమ్మం దాకా వస్తే, ఎదురుగా ఈ సీసీ కెమెరా టార్చి పట్టుకుని నిలబడుతుందన్నమాట.

“దీపాలు ఆర్పేయొచ్చా?” అన్నాను.

“ఆర్పేసుకోడానికి కొంటారా?” అని లోపలున్న అన్నను పిలిచాడు, వినోదం ఒక్కడే చూడలేక.

నవ్వితే నవ్వారు, ఈ పిచ్చి నాతో మొదలైంది కాదు. విశాఖలో గోడె వెంకట జగ్గారావు 1840లోనే సొంత వేధశాల పెట్టారు. దాన్ని ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడిపి, 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటిపోవడం చూశారు. మామగారి వైపు నుంచి వేధశాల! మా మామగారు స్కూటరిచ్చారు.

చివరికి దుకాణదారుకు ఏం కావాలో కాగితం మీద రాసిచ్చాను. దీపాలు ఫోన్‌లోంచే ఆరాలి. మసకలోనూ చూసే సోనీ స్టార్విస్ సెన్సర్ ఉండాలి. గదంతా ఒక్క చూపులో పట్టడానికి 2.8 మిల్లీమీటర్ల లెన్సు, వానకూ దుమ్ముకూ ఐపీ66, కరెంటూ నెట్టూ ఒకే తీగలో. తల తిప్పే రకం ముచ్చటగానే ఉంటుంది గానీ, అవసరమైన వేళకు అది గోడకేసి చూస్తుంటుందని నా అనుమానం. మైకు మాత్రం తప్పనిసరి, మోటారు కర్రుమంటే కంటికన్నా ముందు చెవికి తెలుస్తుంది. కెమెరా వచ్చాక, దాని ముందువైపు మినుకుమనే చిన్న బల్బుకు నల్లటేపు ముక్క అంటించాను. ఖగోళ పరికరాల్లో ఇంతకన్నా చవకైనది లేదు.

దీపాలార్పేశాక ఇక కెమెరాకేం కనిపిస్తుందని నాకూ దిగులుగానే ఉండింది. తీరా చూస్తే కప్పు, గొట్టం, మూల చీపురుతో సహా అన్నీ కనిపిస్తున్నాయి. తెరిచిన కప్పులోంచి మా ఊరి ఆకాశమే బెడ్‌లైటులా వెలుగిస్తోంది మరి! నక్షత్రాలను మింగేసిన శత్రువు, కెమెరా దగ్గర మాత్రం కూలి అడక్కుండా పనిచేస్తున్నాడు.

యాప్ పలాసలో మా మామగారి ఫోన్‌లో కూడా పెట్టాం. నిద్రపట్టని మనిషి, కాలక్షేపంగా ఉంటుందని. నిన్న రెండు గంటలప్పుడు ఫోన్: “బాబూ, గొట్టం మీద బల్లి ఉంది.”

లేచి, స్వెట్టరు వేసుకుని, మెట్ల దాకా వెళ్లాను. మళ్లీ ఫోన్.

“ఎళిపోయింది. మీరు పడుకోండి, నేను చూస్తుంటాను.”