చెత్త అని నేనే తేల్చేశాను

ఏది చెత్తో, ఏది కాదో ఒక్క చూపులో తేల్చగలనని నమ్మడమే నా అవివేకం. ఆ నమ్మకంతో నా భాషవాళ్ల రాతలనే పారేశాను.

1990ల చివర్లో అమెరికాలో, న్యూస్‌గ్రూపులనే ఇంటర్నెట్ చర్చావేదికలు నడిచే ఒక చిన్న యూజ్‌నెట్ సర్వర్ చూసుకునేవాణ్ణి. 1994 ఏప్రిల్‌లో ఇద్దరు లాయర్లు గ్రీన్‌కార్డు ప్రకటనను వేల న్యూస్‌గ్రూపుల్లో గుప్పించినప్పటి నుంచీ స్పామ్ బెడద పెరుగుతూనే వచ్చింది. మా సర్వర్ ఐఎన్ఎన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచేది, దానికి క్లీన్‌ఫీడ్ అనే పెర్ల్ ఫిల్టర్ కాపలా. ఒకే పోస్టు మళ్లీమళ్లీ వస్తే అది పట్టేసేది. దాన్ని ఏమార్చడానికి స్పామర్లు సబ్జెక్టులో అర్థంలేని అక్షరాలు తగిలించేవారు. అది చూసి నేనొక నియమం కలిపాను: సబ్జెక్టులో మాటల మధ్య పెద్ద అక్షరాలు ఎక్కువగా కనిపిస్తే తిప్పికొట్టు. లాగ్ పెరిగిపోతోందని, ఏం పోతోందో రాసిపెట్టడం కూడా మాన్పించాను. పోయినవాటి లెక్క పెరిగేకొద్దీ గర్వపడ్డాను.

సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపులో మనవాళ్లు తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవారు. రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న 'టి' అయితే త, పెద్ద 'టి' అయితే ట. చిన్న 'ఎన్' న, పెద్దది ణ. తెలుగును శ్రద్ధగా రాసినకొద్దీ మాటల మధ్య పెద్ద అక్షరాలు పడతాయి. నా నియమం కంటికి అదంతా పిచ్చిరాత. ఇంగ్లీషు శీర్షికలున్న పోస్టులు నిలిచాయి, తెలుగు శీర్షికలున్న చర్చలు మొత్తం మాయమయ్యాయి. ఫలానా చర్చ మన సర్వర్లో ఎందుకు లేదని ఒక పాఠకుడు అడిగాకే నాకు తెలిసింది. నియమం తీసేసినా పోయినవి రాలేదు. తిప్పికొట్టిన పోస్టు మెసేజ్-ఐడీని ఐఎన్ఎన్ కొన్నాళ్లు గుర్తుపెట్టుకుంటుంది. మరో సర్వర్ అదే పోస్టు ఇవ్వజూపినా వద్దంటుంది.

నాకంటే తెలివైనవాళ్లు ఈ సమస్య గురించి ముందే ఆలోచించారు. సేథ్ బ్రైడ్‌బార్ట్ పేరుమీద ఉన్న సూచీ పోస్టులో ఏం రాశారో అడగదు, ఎన్నిచోట్ల వేశారో అడుగుతుంది. ప్రతి కాపీ ఎన్ని గ్రూపుల్లో పడిందో చూసి, ఆ సంఖ్యల వర్గమూలాలు కూడుతుంది. ఒకే పోస్టును 9 గ్రూపులకు కలిపి పంపితే 3, విడివిడిగా 9 సార్లు పంపితే 9. 45 రోజుల్లో మొత్తం 20కి చేరినా, దాటినా రద్దు చేయదగినది. తేదీ, పంపినవారి పేరు, గ్రూపు పేరు వంటి తప్పనిసరి హెడర్లు లేని పోస్టు చెల్లదనడమూ అంతే న్యాయం. ఈ రెండిటికీ రాసినవారి భాష తెలియనక్కర్లేదు. నేను మాత్రం రూపం చూసి మనిషి మాటకు విలువ కట్టాను.

ఫిల్టర్లు రాసే చిన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: పారేసేముందు కొన్నాళ్లు పక్కన పెట్టి, మీ కళ్లతో చదవండి. దారిలో తిప్పికొట్టిన సంగతి పక్క సర్వర్‌కు తెలుస్తుంది తప్ప, రాసినవారికి చేరదు. తన మాట ఎవరికీ అందలేదని తెలియని మనిషి ఫిర్యాదు చేయలేడు. అతని తరఫున అనుమానపడాల్సింది ఫిల్టర్ రాసినవాడే.