స్పీకరు పక్కన చోటు

డ్రమ్మర్ కొట్టిన దెబ్బ చెవికి వినబడితే చాలదు, గుండెలో అదరాలి అనుకునేవాణ్ణి. అదరని కచేరీ కచేరీయే కాదని స్నేహితులతో వాదించేవాణ్ణి. ఆ నమ్మకంతోనే వెళ్ళిన ప్రతిచోటా జనాన్ని తోసుకుంటూ స్పీకర్ల పక్కకి చేరేవాణ్ణి. నా బుద్ధితక్కువ పనుల్లో ఇంతకు మించింది లేదు.

మాది ఇబ్రహీంపట్నం. నాన్న థర్మల్ స్టేషన్లో టర్బైన్ల దగ్గర పనిచేశారు. 210 మెగావాట్ల యూనిట్ తిరుగుతుంటే పక్కనున్న మనిషి అరిచినా వినబడదు. చెవులకి రక్షణ పెట్టుకునే లోపలికి వెళ్ళేవారు. నేను కచేరీకి బయల్దేరుతుంటే ఆయనది ఒకటే మాట. "ఒరేయ్, మాకు జీతమిచ్చి చెవులు మూసుకోమంటారు. నువ్వు టిక్కెట్టు కొనుక్కుని మరీ తెరిచి పెట్టుకుంటావేంట్రా?"

"అది మిషన్ రొద నాన్నా, ఇది సంగీతం" అనేవాణ్ణి. చెవికి ఆ తేడా తెలియదని అప్పటికి నాకు తెలియదు.

డ్రమ్మర్లంటే నాకున్న ఇష్టంలో మాత్రం తప్పు లేదు, ఇప్పటికీ అంతే ఇష్టం. సూట్‌కేసు మీదా నీళ్ళ క్యాన్ మీదా తాళం పలికించే శివమణితో మొదలైంది అది. తర్వాత లెడ్ జెప్లిన్ బ్యాండు డ్రమ్మర్ జాన్ బోన్‌హమ్. 1980లో ఆయన 32 ఏళ్ళకే పోతే, ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టడానికి మనసొప్పక మిగతా ముగ్గురూ బ్యాండునే ఆపేశారు. డెఫ్ లెపర్డ్ బ్యాండు డ్రమ్మర్ రిక్ ఆలెన్ 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోగొట్టుకున్నాడు. ఆ చేతి పనిని ఎడమకాలి పెడల్స్‌కి అప్పగించి మళ్ళీ వేదికెక్కాడు. మన సంగీత దర్శకుడు తమన్ సంగతీ అంతే. తండ్రి ఘంటసాల శివకుమార్ డ్రమ్మరు. ఆయన పోయాక తమన్ చిన్న వయసులోనే డ్రమ్స్ వాయించి సంపాదన మొదలుపెట్టాడు. 2003లో వచ్చిన 'బాయ్స్' సినిమాలో అతను వేసిందీ డ్రమ్మరు వేషమే. ఇలాంటి వాళ్ళ గురించి తెలిసేకొద్దీ ఎదురుగా నిలబడి వినాలన్న ఆశ పెరిగింది.

ఆ ఆశతోనే రాత్రి బస్సెక్కి బెంగళూరులో ఒక కచేరీకి వెళ్ళాను. చీకట్లో వేల గొంతులు ఒక్కసారిగా ఆగాయి. నాలుగు సార్లు కర్రలు తాకించిన చప్పుడు, వెంటనే కిక్ డ్రమ్. చొక్కా ఒంటి మీద కదిలింది. పక్కన ఎవరో తెలియని కుర్రాడు నా భుజం పట్టుకుని ఎగురుతున్నాడు, నేనూ ఎగురుతున్నాను. ఆ ఆనందం నిజమైనది, దాన్ని కాదనను. ఆనుకుని నిలబడిన స్పీకర్ల వరసని కాస్త దూరం పెట్టి ఉంటే సరిపోయేది. అందరూ వెళ్ళిపోయాక చెవులు దిబ్బడేసి ఉన్నాయి. గొప్ప కచేరీకి అదే గుర్తనుకున్నాను. దిబ్బడ తగ్గింది, కుడిచెవిలో కీచురాయి లాంటి మోత మాత్రం ఉండిపోయింది.

ఏళ్ళ తరబడి దాన్ని ఎవరికీ చెప్పకపోవడం రెండో బుద్ధితక్కువతనం. చివరికి విజయవాడలో డాక్టరు గారు వినికిడి పరీక్ష చేయించారు. కాగితం మీద గీత 4000 హెర్ట్జ్ దగ్గర కిందికి దిగిపోయింది. పెద్ద చప్పుళ్ళ వల్ల దెబ్బతిన్న చెవికి ఆనవాలు అదేనట. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు మనిషికి ఒకసారి చచ్చిపోతే మళ్ళీ మొలవవు. 85 డెసిబెల్స్‌ని 8 గంటలు భరించగల చెవికి, చప్పుడు 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ గడువు సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంట. నేను గంటల తరబడి నిలబడ్డాను.

పోయింది ఏమిటో ఇంటికొచ్చి పాటలు పెట్టుకున్నాక అర్థమైంది. టోటో బ్యాండు 1982లో చేసిన 'రోజానా'లో జెఫ్ పొర్కారో పెద్ద దెబ్బల మధ్య స్నేర్ మీద కర్ర కొసని తాకీ తాకనట్టు తాకిస్తాడు. ఘోస్ట్ నోట్స్ అంటారు వాటిని. ఆ పాట నడకంతా వాటిలోనే ఉంది. పెద్ద దెబ్బ ఎవరైనా కొడతారు, ఆ చిన్న దెబ్బలే డ్రమ్మర్ని పట్టిస్తాయి. నా కుడిచెవికి ఇప్పుడు అవి సరిగ్గా అందవు. సింబల్ అంచు మీద మెరిసే పలుకూ అందదు.

నేను వెంటాడిన ఆ ఉరుములాంటి దెబ్బ కూడా దగ్గర్నించి పుట్టింది కాదు. 1971లో వచ్చిన లెడ్ జెప్లిన్ నాలుగో ఆల్బమ్ చివరి పాటకి బోన్‌హమ్ డ్రమ్స్‌ని హెడ్లీ గ్రేంజ్ అనే పాత ఇంటి హాల్లో పెట్టి, మైకుల్ని మేడమెట్ల పైనుంచి వేలాడదీశారు. అంత ఎత్తుకి చేరేసరికే ఆ దెబ్బకి అంత గాంభీర్యం వచ్చింది. ఈ సంగతి ఎప్పుడో చదివాను కూడా. చదివీ స్పీకరు పక్కనే నిలబడ్డాను.

2025 ఫిబ్రవరి 15న విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో తలసేమియా బాధితుల సహాయం కోసం తమన్ కచేరీ జరిగింది. చెవుల్లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని, బాగా వెనక నిలబడి విన్నాను. దెబ్బ గుండెకి అక్కడ కూడా చేరింది.

కచేరీలకెళ్ళే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మెత్తటి ఇయర్ ప్లగ్స్ మందుల షాపులో దొరుకుతాయి, జేబులో వేసుకు వెళ్ళండి. స్పీకర్ల వరసకి దూరంగా, వెనక్కి జరిగి నిలబడండి. వినాయక నిమజ్జనంలో పసిపిల్లల్ని భుజాన ఎక్కించుకుని డీజే బండి పక్కన నడవకండి. తెల్లారేసరికి చెవిలో మోత తగ్గకపోతే ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి, నాలాగా ఏళ్ళు గడపకండి.