మత్స్యచికిత్సా సూత్రములకు టీకా తాత్పర్యములు

మూలము: "చేపకి ఒంట్లో బాలేదు. మేత వెయ్యకండి. రోజూ పావు వంతు నీళ్లు మార్చండి. గుప్పెడు కల్లుప్పు వెయ్యండి. నీలం మందు నేనొచ్చాకే."

అవతారిక: బెంగాల్–నాగపూరు రైల్వే నాటినుండి బిలాసపురమును నమ్ముకొని బ్రదికిన తెలుగు కుటుంబములలో మాదియు నొకటి. ఉద్యోగవిరమణానంతరము ఆ పట్టణమునకు చేరువనే మస్తూరీలో చిన్న యిల్లు కట్టుకొని, 40 లీటర్ల గాజుతొట్టిలో ఒక బంగారుచేపను సాకుచుండగా, నడివేసవిలో దానికి జబ్బు చేసిన మఱునాడే మా యావిడ కోర్బా–విశాఖ ఎక్స్‌ప్రెసులో విజయనగరము పుట్టింటికి పోవలసివచ్చి, పై పంచసూత్రిని క్యాలెండరు కాగితము వెనుక వ్రాసి తొట్టికి అంటించి వెళ్లినది.

టీక: ఒంట్లో బాలేదు = మేనిపై బొంబాయిరవ్వ చల్లినట్లు తెల్లచుక్కలు లేచినవి, రెక్కలు ముడుచుకొన్నవి, అడుగు రాళ్లకు ఒడలు రాచుకొనుచున్నది అని భావము. ఈ చుక్కలలో దాగిన సూక్ష్మజీవికి 1876లో ఫూకే అను ఫ్రెంచి పండితుడు 'ఇక్తియోఫ్తిరియస్ మల్టిఫిలియిస్' అని నామకరణము చేసెను. బహుసంతానము గల చేపపేను అని దాని వ్యుత్పత్తి. సార్థకనామధేయమే.

మేత వెయ్యకండి: ఇచ్చట పాఠభేదము గలదు. చేప తోకతో చిమ్మిన నీటిబొట్టు కాబోలు, 'క'కారముపై పడి అక్షరము చెదరుటచే "మేత వెయ్యండి" అని తోచును. రెండు దినములు నేనా పాఠమునే ఆదరించి, చేప నీటిపైకి వచ్చి నోరు తెఱచినపుడెల్ల ఆకలియని తలచి చిటికెడు మేత రాల్చితిని. అది ఆకలి గాదు, ఆయాసము. నీరు వేడెక్కినకొలది అందు కరగియుండు ప్రాణవాయువు తగ్గును. ఆ పేను మొప్పలకు పట్టెనా, ఉన్నదియు అందదు. మిగిలిన మేత కుళ్లి అమోనియాయై ఆ మొప్పలనే మఱింత కాల్చును. మూడవనాటి ఉదయము నీరు కుడితివలె మసకబాఱి, చేప వడపోత గొట్టము ప్రక్క ఒరిగియుండుట చూచిన పిమ్మట గాని నాకు మీమాంస జ్ఞప్తికి రాలేదు: నిత్యము వేయుచున్న మేతను వేయుమని విధించుట వ్యర్థము, సూత్రకర్త్రి వ్యర్థముగా మాటలాడునది కాదు, కావున ఇది నిషేధమే. మాకు చేరువనే యున్న మల్హారు గ్రామపు శిలలపై అరిగిన బ్రాహ్మీలిపిని పండితులు పోల్చుకొనగా, నేను క్యాలెండరుపై ఒక తెలుగు 'క'ను పోల్చుకొనజాలనైతిని.

గుప్పెడు: ఎవరి గుప్పెడు? వంటింటి కాటాపై తూచి చూడగా నా గుప్పిట 90 గ్రాములు పట్టినది, పనిమనిషి గుప్పిట 55. లీటరుకు ఒకటి మొదలు మూడు గ్రాముల వఱకు బంగారుచేప ఓర్చుకొనునట; నేను 80 గ్రాముల వద్ద నిలిచి, చెంబులో కరగించి కొంచెము కొంచెముగా పోసితిని. అంతకంటె చిక్కు మఱియొకటి: పూర్వసూత్రమునందలి "రోజూ" అను పదమునకు ఇచ్చట అనువృత్తి గలదా? గలదన్నచో వారము తిరుగకమునుపే తొట్టి సముద్రమగును, ఏలనన నీరు ఆవిరియగునే గాని ఉప్పు ఆవిరి గాదు. కావున అనువృత్తి లేదు. తీసిన 10 లీటర్లకు బదులుగా పోయు బోరునీటితో 20 గ్రాములు మాత్రమే కలుపవలెను. చుక్కలోపల ఉన్నంతకాలము పేనును ఏ మందును తాకదు; అది రాలి, తొట్టియడుగున గూడు కట్టి, వందలకొలది పిల్లలై ఈదుచు మఱల చేపను వెదకునప్పుడే ఉప్పునకు చిక్కును. అందుచే చుక్కలు మాయమైన తరువాతను ఉప్పు మానరాదు.

నీలం మందు: మిథిలీన్ బ్లూ. వడపోతలో కాపురముండి అమోనియాను హరించు మేలిసూక్ష్మజీవులకు అది గిట్టదు. నా చేతికి ఆ సీసా ఏల అందరాదో వేఱుగ వ్యాఖ్యానింప నక్కఱలేదు.

తాత్పర్యము: చేప మొదటి వాక్యమున షష్ఠీవిభక్తితో ఒక్కమాఱు తలచూపి, పిదప ఏ క్రియకును కర్మ కాదు, చేయుమన్నదియు మానుమన్నదియు అంతయు నీటికే. రోగి చేపయైనను చికిత్స తొట్టికి. హైదరాబాదులో మృగశిర కార్తెనాడు బత్తినివారు ఉబ్బసరోగి గొంతులో మందుతో కొఱ్ఱమీనుపిల్లను విడుతురు. ఇచ్చట ఆయాసము చేపది, గొంతు దిగనిది నాకు.

తొమ్మిదవనాటికి చుక్కలు రాలినవి. తోకయంచు మాత్రము చినిగిన గాలిపటమువలె మిగిలినది. పదునొకండవనాడు గృహిణి తిరిగివచ్చి, సంచి దింపకయే తొట్టిలోనికి తొంగిచూచి, పాఠభేదమును గూర్చిన నా వాదమును సాంతముగా విని, కాగితమును వెలుతురునకు ఎత్తి, 'క'కారముపై నున్న గోధుమరంగు మరకను గోటితో గీకి, "చేప కాఫీ తాగదు కదండీ" అన్నది.