పెద్దోడు ఒప్పుకున్నాడు

తిరుచానూరులో మా ఇంటికీ పెద్దమ్మవాళ్ల ఇంటికీ మధ్య గోడ ఒకటే. పెదనాయన ఉన్నన్నాళ్లూ గుడి దగ్గర పసుపు, కుంకుమ, గాజుల అంగడి పెట్టుకుని ముగ్గురు పిల్లల్ని చదివించాడు. పెద్దోడు నాతోపాటే బడికి వచ్చినవాడు, ఇప్పుడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండోవాడు కువైట్‌లో ఒక కంపెనీ గోడౌను చూసుకుంటాడు. ఆడబిడ్డ బెంగళూరులో కాపురం. పెదనాయన పోయినాక ఆ ఇంట్లో పెద్దమ్మ ఒక్కతే.

కువైట్ మనకు రెండున్నర గంటలు వెనక. డల్లాస్ ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. ముగ్గురూ ఒకేసారి మేలుకుని, ఒకేసారి తీరిగ్గా ఉండే గడియ దొరకదు. ఫోను చేసుకుని మాట్లాడుకునేది పండక్కీ పబ్బానికీ. మిగతాదంతా వాట్సాప్‌లోనే.

రెండు గ్రూపులు ఉండేవి. ఒకదాని పేరు 'మంగాపురం ఇల్లు' (తిరుచానూరుకు అలమేలు మంగాపురమనీ పేరుంది). అందులో పెద్దమ్మ కూడా ఉంటుంది. పొద్దున్నే అమ్మవారి అలంకారం ఫోటో, మనవడి పుట్టినరోజు, "మాత్రలు వేసుకున్నావా మా" అని కూతురి పలకరింపు, "వేసుకున్నా" అని పెద్దమ్మ జవాబు. రెండో గ్రూపు పెదనాయన కర్మ అయిన వారానికి పిల్లలు ముగ్గురే పెట్టుకున్నారు. దానికి 'అమ్మ' అని పేరు పెట్టారు. అమ్మను మాత్రం అందులో చేర్చలేదు.

అందులో నడిచేదంతా ఒకటే మాట: అమ్మను ఎవరు చూసుకోవాలి?

ముగ్గురిలో ఎవరినీ నేను తప్పుపట్టను. పెద్దోడు పిలిపించుకుంటే సందర్శకుల వీసా మీద ఆరు నెలలకు మించి ఉంచుకోవడం కష్టం. డెబ్బై దాటిన మనిషికి అక్కడ జబ్బు చేస్తే అయ్యే ఖర్చు తల్చుకుంటేనే వాడికి నిద్ర పట్టదు. రెండోవాడు నలుగురితో ఒక గదిలో ఉంటాడు. కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే జీతం ఇంతకు తగ్గకూడదన్న నిబంధన కువైట్‌లో ఉంది, వాడి జీతం అంతకు చాలదు. కూతురిది రెండు గదుల ఇల్లు, ఒక గదిలో మంచం పట్టిన మామగారు. అవన్నీ నిజమైన ఇబ్బందులే. ఒకరి ఇబ్బంది ఇంకొకరికి సాకులాగా కనిపించడమే ఆ గ్రూపులో జరిగిన నష్టం. "నువ్వే పెద్దోడివి" అని ఒకరు, "నువ్వే దగ్గర్లో ఉన్నావు" అని ఒకరు, "నెలకు ఇంతని నేను పంపిస్తా, చూసేది మీరు చూడండి" అని ఇంకొకరు. ఇల్లు అమ్మేద్దామన్న మాట కూడా వచ్చింది. గుడి దగ్గర స్థలాలకు లాడ్జీలు కట్టేవాళ్లు మంచి ధర ఇస్తున్నారు. ఇల్లు అమ్మి, తిరుపతిలో ఏదైనా మంచి ఆశ్రమంలో చేర్పిద్దామని రెండోవాడు రాస్తే, మిగతా ఇద్దరూ ఔననలేదు, కాదనలేదు. ఇదంతా కూతురు మా ఆవిడ దగ్గర ఏడుస్తూ చెప్పుకుంది.

2024 ఎండాకాలంలో పెదనాయన సంవత్సరీకానికి ముగ్గురూ వచ్చారు. పెద్దమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది, ఫోను తెర మీది అక్షరాలు ఆనడం లేదని పెద్దోడు ఒక ట్యాబ్ కొనుక్కొచ్చాడు. తన ఫోనులో ఉన్న పెదనాయన ఫోటోలన్నీ అందులోకి ఎక్కించాలని ఒక పూటంతా దాని ముందే కూర్చున్నాడు. వాడు విమానం ఎక్కినాక, భక్తి ఛానల్ ఎట్లా పెట్టుకోవాలో, అక్షరాలు నొక్కే పని లేకుండా మైకు బొమ్మ మీద వేలు పెట్టి తెలుగులో మాట్లాడితే అదే ఎట్లా రాసుకుంటుందో ఆమెకు నేను నేర్పించాను. ఎనిమిదో తరగతి చదివిన మనిషి, రెండు రోజుల్లో పట్టేసింది.

ఆ తర్వాత గ్రూపులో కొత్త తగువు మొదలైంది.

పెద్దోడికి ఫోను జేబులో, ల్యాప్‌టాప్ ఆఫీసులో, పెద్ద కంప్యూటర్ ఇంట్లో. మూడింట్లోనూ వాట్సాప్ తెరిచే ఉంటుంది, ఎక్కడ కూర్చుంటే అక్కడి నుంచే రాస్తాడు. రెండోవాడికి రెండు ఫోన్లు, రెండింట్లోనూ ఒకటే ఖాతా. చెల్లెలు పగలంతా ఆఫీసు కంప్యూటర్లోనే చూసుకుంటుంది. ఇప్పుడు అందరి పద్ధతీ ఇదే. 2015 జనవరిలో కంప్యూటర్లో చూసుకునే వాట్సాప్ వచ్చినప్పుడు ఫోనుకు నెట్ లేకపోతే కంప్యూటర్లో ఒక్క మెసేజీ కదిలేది కాదు. 2021లో ఆ ముడి విప్పేశారు. ఫోను కాక ఇంకో నాలుగు చోట్ల అదే ఖాతాను కలుపుకోవచ్చు, ఫోను ఆపేసినా అవి వాటి పాటికి నడుస్తాయి. పద్నాలుగు రోజులకు పైగా అసలు ఫోనే వాడకుండా వదిలేస్తే తప్ప ఆ లంకె తెగదు. 2023 ఏప్రిల్ నుంచి ఇంకో ఫోనులోనూ తెరుచుకునే వీలు వచ్చింది.

దీనివల్ల ఒక చిక్కు ఉంది. ఈ నాలుగైదు చోట్లలో ఎక్కడ చదివినా చదివినట్టే లెక్క, పంపినవాళ్లకు నీలం టిక్కులు పడిపోతాయి. చెల్లెలు పగలు పన్నెండింటికి మెసేజీ పెడుతుంది. డల్లాస్‌లో అది అర్ధరాత్రి దాటిన వేళ. కాసేపటికి వివరం తీసి చూస్తే అన్న పేరు పక్కన చదివినట్టు గుర్తు ఉంటుంది. అన్న మాత్రం పలకడు. "చదివినావు గదా, నోరు మెదపవేం? అమ్మ విషయమంటే అంత తేలికా?" అని ఒకరోజు గట్టిగానే రాసేసింది. వాడు నిద్రలో ఉన్నానని ఒట్టు పెట్టాడు. రాత్రిపూట ఇంట్లో కంప్యూటర్ తెరిచే ఉంటుంది, దాని పనై ఉంటుందన్నాడు. చెల్లెలు నమ్మలేదు. రెండోవాడైతే, "అన్న చదివి ఊరకుండేది ఇది మొదటిసారి కాదులే" అన్నాడు. ఆ మాట మీద ఇద్దరికీ పదిరోజులు మాటల్లేవు.

ఈ వెసులుబాటు వచ్చినప్పటి నుంచీ నాకు ఇదే దిగులు. అన్నకు రాస్తున్నాం, చెల్లికి రాస్తున్నాం అనుకుంటాం. ఆ మాట పోయి దిగేది మాత్రం వాళ్ల ఖాతా తెరిచి ఉన్న ప్రతి తెర మీదా. ఆ తెర ముందు ఎవరు కూర్చుని ఉన్నారో రాసినవాళ్లకు తెలియదు. అప్పుడల్లా మొట్టమొదటి మెసేజీ సంగతి గుర్తొస్తుంది. 1992 డిసెంబరు 3న ఇంగ్లండులో నీల్ పాప్‌వర్త్ అనే ఇంజనీరు కంప్యూటర్ ముందు కూర్చుని రిచర్డ్ జార్విస్ అనే వోడాఫోన్ అధికారి ఫోనుకు క్రిస్మస్ శుభాకాంక్షలు పంపించాడు. ప్రపంచంలో మొట్టమొదటి ఎస్సెమ్మెస్ అది. ఆ ఫోనులో చదువుకునే వీలుందిగానీ జవాబు రాసే ఏర్పాటు లేదు. చదవడం ఒక్కటే చేయగలిగి, బదులు చెప్పలేకపోవడం ఎట్లా ఉంటుందో 2024 డిసెంబరులో నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ ఏడు అమ్మవారి బ్రహ్మోత్సవాలు నవంబరు 28న మొదలై డిసెంబరు 6న పంచమీ తీర్థంతో ముగిశాయి. అమ్మవారు పద్మసరోవరంలో బంగారు తామర మీద అవతరించిన రోజది. ఆ రోజు తిరుమల నుంచి స్వామివారి సారె వస్తుంది. చీర, పసుపు, కుంకుమ, పూలు ఏనుగు మీద ఊరేగింపుగా వస్తుంటే తిరుచానూరు ఆడవాళ్లు వీధుల్లో నిలబడి ఎదురుచూస్తారు. అమ్మవారికి పుట్టింటివాళ్లు లేకపోయినా కట్టుకున్నాయన ఏటా మరిచిపోకుండా పంపిస్తాడని పెద్దమ్మ ఏటా అనే మాట. ఆ ఏడు జనంలో నిలబడే ఓపిక లేక ట్యాబ్‌లోనే చూసింది. చక్రస్నానం అయిపోయాక పుష్కరిణి నీళ్లు ఒక చెంబుడు నేనే తెచ్చి ఆమె నెత్తిన చల్లాను. అప్పటికి ఆమె బాగానే ఉంది. నన్ను కూర్చోబెట్టి పులిహోర పెట్టింది.

సాయంత్రం నాలుగింటికి 'అమ్మ' గ్రూపులో పెద్దోడి పేరు మీద ఒక మెసేజీ పడింది.

"అమ్మను నేను చూసుకుంటా. మీరెవురూ యాతన పడబాకండి. ఇంక దీన్ని గురించి కొట్లాడుకోవద్దు."

కువైట్‌లో అప్పుడు మధ్యాహ్నం ఒకటిన్నర. రెండోవాడు అన్నం ముందు కూర్చుని చదివాడట. "అన్నా, నిన్ను ఏమేమో అనేసినా, క్షమించు" అని పంపించాడు. చెల్లెలు ముందు దండం బొమ్మలు వరసగా పెట్టింది. ఆ తర్వాత, "గుండె మీద బండ దిగింది అన్నా. ఈ రాత్రి హాయిగా నిద్రపోతా. నాయన ఉంటే నిన్ను చూసి ఎంత పొంగిపోయేవాడో" అని రాసింది. అన్నకు తీరిక దొరికినప్పుడు టికెట్ల సంగతీ, ఇంటి సంగతీ మాట్లాడుకుందామని రెండోవాడు ముగించాడు.

డల్లాస్‌లో పెద్దోడు పొద్దున ఆరున్నరకు లేచి ఫోను చూసుకున్నాడు. అభినందనలు చదివాడు. పైకి జరిపి చూస్తే వాటికి ముందు తన మెసేజీ. తెల్లవారుజామున నాలుగున్నరకు తాను పెట్టినట్టుంది. భార్యను లేపి అడిగాడు. ఇంత పెద్ద విషయం తనతో ఒక్క మాటైనా అనకుండా ఎట్లా ఒప్పుకున్నావని ఆమె వాణ్నే నిలదీసింది. ఎవరో తన ఖాతాలోకి దూరారని వాడికి చెమటలు పట్టాయి. ఇంకోసారి చదువుకుంటే అప్పుడు కనిపించింది. వాడు ఎప్పుడూ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తాడు. ఈ మెసేజీ తెలుగు అక్షరాల్లో ఉంది. 'పడబాకండి' అనే మాట వాడి నోటి నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది.

సెట్టింగుల్లోకి పోయి, తన ఖాతా ఎక్కడెక్కడ తెరిచి ఉందో చూపించే లింక్డ్ డివైసెస్ పట్టీ తీశాడు. ఆఫీసు ల్యాప్‌టాప్. ఇంటి కంప్యూటర్. వాటి కింద మూడోది ఒక ట్యాబ్. చివరిసారి వాడింది ఈ రోజే అని ఉంది.

నాకు ఫోను చేసినప్పుడు వాడి గొంతు వాడిది కాదు. "రేయ్, ఒకసారి మా ఇంటికి పో. స్పీకర్ పెట్టు" అన్నాడు.

వెళ్లేసరికి పెద్దమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో ట్యాబ్, ముక్కు మీద కళ్లద్దాలు. చూపుడు వేలు తెర మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం కిందా జరుపుకుంటూ, కూడబలుక్కుంటూ చదువుతోంది. అంగడిలో సరుకు డబ్బాల మీద పేర్లు అట్లాగే చదివేది. ఇప్పుడు ఆ వేలి కింద ఉన్నది కూతురు పెట్టిన మెసేజీ.

"మా, అది నువ్వే పెట్టినావా?"

"అవు నాయనా."

"అది నాదిమా... నాయన ఫోటోలు ఎక్కించేదానికి నాది కలిపినా. తీసేసేది మర్చిపోయినా. ఎప్పటి నుంచి చూస్తా ఉండావు?"

"మీ నాయన సంవత్సరీకం కాణ్ణుంచి. నీ ఆఫీసోళ్లవీ, కోడలివీ నేను ముట్టలేదు నాయనా. 'అమ్మ' అని ఉండేది ఒక్కటే తెరిచినా. నా పేరు పెట్టి ఉండాది గదా, నాకే పంపిస్తా ఉండారు అనుకున్యా."

అవతల చాలాసేపు మాట లేదు. చివరికి వాడే గొంతు సవరించుకున్నాడు.

"నేను ఇప్పుడే దాన్ని తీసేస్తా మా. రెండు రోజుల దాకా అందరి ఫోన్లలో నుంచీ తుడిపెయ్యొచ్చు. వాళ్లిద్దరికీ జరిగింది నేనే చెప్తా."

"తుడపబాక" అంది పెద్దమ్మ. "చెల్లెలు ఈ రాత్రి హాయిగా నిద్రపోతా అని పెట్టింది. పోనీలే. నన్ను నేను చూసుకుంటా."